తోలు కోటు తళతళ... పాలారు విలవిల!

మా అమ్మాయి పై చదువుకి కెనడా వెళ్తోంది. విదేశానికి వెళ్ళే పిల్లలున్న ఇంట్లో హడావుడి ఎలా వుంటుందో మీకు చెప్పాలా! ఆవకాయ డబ్బా కారకుండా ఎలా కట్టాలి, కందిపొడి ఎంత కొట్టించాలి, కుక్కరుకి రెండు గాస్కెట్లు చాలా, మూడు పెట్టాలా... ఇలా జాబితా మూడు పేజీలైంది. దాని చివర అమ్మాయి తన చేత్తో ఇంకొకటి చేర్చింది, "లెదర్ జాకెట్" అని.

మా అత్తయ్యగారు అది చదివి, కళ్ళజోడు సవరించుకుని, "తోలుతో జాకెట్టేమిటే? చీర మీదికి ఎలా నప్పుతుందీ?" అన్నారు. ఇల్లంతా ఒకటే నవ్వులు. జాకెట్టంటే రవిక కాదు అత్తయ్యా, చలికోటు అని నేను వివరించేసరికి ఆవిడ ఇంకో ప్రశ్న వేశారు. "అలాగా! ఒక్క కోటుకి ఎన్ని గొర్రెలు కావాలేం?"

ఎవరం జవాబు చెప్పలేకపోయాం. తరవాత కనుక్కున్నాను లెండి. గొర్రె తోలు ఒక్కోటి అయిదారు చదరపు అడుగులకి మించి రాదు. చేతులు, కాలరు, జేబులు, కత్తిరింపులో పోయేది అన్నీ కలుపుకుంటే ఒక కోటుకి ఆరేడు గొర్రెల తోళ్ళు పడతాయి. అంటే ఒక చిన్న మంద మన భుజాల మీద వున్నట్టే.

అయినా ఆ రోజుకి ఆ మాట నవ్వుల్లో కలిసిపోయింది. ఆ కోటు గురించి నేను నిజంగా ఆలోచించింది ఇంట్లో కాదు, రైల్లో.

పప్పు వుడకని వూరు

అత్తయ్యగారికి ఏటా ఒకసారి వేలూరులో పరీక్షలు చేయించాలి. వేలూరు ఆసుపత్రి వరండాల్లో తెలుగు మాట వినపడని రోజు వుండదని మీలో చాలామందికి తెలిసే వుంటుంది. ఈసారి ఆ పని చూసుకుని, నేనూ, అత్తయ్యగారూ, అమ్మాయీ కాట్పాడిలో బెంగుళూరు రైలెక్కాం. మా తమ్ముడు అక్కడే వుంటాడు. కోటు బేరం కూడా అక్కడే అని అనుకున్నాం.

గుడియాత్తం దాటి ఆంబూరు దగ్గరపడుతుంటే కిటికీలోంచి ఒక వాసన కొట్టింది. తడి సున్నం, కుళ్ళిన మాంసం, ఏదో ఘాటైన మందు... మూడూ కలిపితే ఎలా వుంటుందో అలా! అత్తయ్యగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. ఆంబూరు రాగానే బిర్యానీ పొట్లం కొనాలని కాచుకుని కూర్చున్న మా అమ్మాయి ఆ ఊసే ఎత్తలేదు.

ఎదురుగా కూర్చున్న ఒకావిడ మమ్మల్ని చూసి నవ్వింది. "కొత్తవాళ్ళా అమ్మా? మాకీ వాసన తెలీను కూడా తెలీదు" అంది, చక్కటి తెలుగులో. వాణియంబాడి అవతల పల్లెట్ట వాళ్ళది. తాతల నాటి నుంచి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం. మాటల్లో కోటు సంగతి వచ్చింది. ఆవిడ కాస్సేపు మా అమ్మాయి వంక చూసి, మెల్లిగా చెప్పుకొచ్చింది.

"నేను కాపరానికి వచ్చినప్పుడు మా బావి నీళ్ళు కొబ్బరినీళ్ళే అనుకోండి. పప్పు పొయ్యి మీద పెడితే ఇట్టే వుడికేది. తరవాత తరవాత ఎంత మంట పెట్టినా పప్పు వుడకడం మానేసింది. సబ్బు రుద్దితే నురగ రాదు. కొబ్బరిచెట్లకి కాయ చిన్నదై, ఆ తరవాత చెట్లే మాడిపోయాయి. తాగేదానికి బిందె పట్టుకుని పక్కూరికి పోయేదాన్ని, చంకలో పిల్లని ఎత్తుకుని. ఇప్పుడు డబ్బా నీళ్ళు కొంటున్నాం."

పప్పు వుడకడం మానేసిందట! వంటింట్లో నిలబడే మనకి ఇంతకంటే వేరే వివరణ కావాలా? ఉప్పూ, కాఠిన్యం పెరిగిన నీళ్ళలో కందిపప్పు పలుకు విడదని మీకూ అనుభవమే.

వాణియంబాడి వచ్చింది, ఆవిడ దిగిపోయింది. వంతెన కింద పాలారు కనపడింది. కర్ణాటకలో నంది కొండల్లో పుట్టి, మన చిత్తూరు జిల్లా సరిహద్దులో కొంతదూరం పారి, తమిళనాడులో వేలూరు మీదుగా సముద్రానికి చేరే ఏరది. పేరుకి పాల ఏరు. ఇసకలో అక్కడక్కడా నల్లటి మడుగులు తప్ప నాకు ఇంకేమీ కనపడలేదు.

ఊరగాయ పెట్టినట్టే!

ఇంటికి వచ్చాక, దొరికిన కాగితాలూ పుస్తకాలూ ముందేసుకుని కూర్చున్నాను. తోలు తయారయ్యే పద్ధతి చదువుతుంటే నాకు మొట్టమొదట మన ఊరగాయే గుర్తొచ్చింది. నవ్వకండి, నిజంగానే!

పశువు నుంచి తీసిన పచ్చితోలు కుళ్ళిపోకుండా ముందు ఉప్పు పట్టిస్తారు. ఎంతనుకున్నారు? తోలు బరువులో దాదాపు నలభై శాతం. ఆ తోలు టానరీకి చేరాక మొదటి పని ఆ ఉప్పంతా కడిగెయ్యడం. కడిగిన ఉప్పు ఎక్కడికి పోతుంది? కాలవలోకి, అక్కణ్ణుంచి భూమిలోకి, బావిలోకి. ఆవిడ పప్పు వుడకకపోవడానికి మొదలు ఇదీ.

తరవాత సున్నం, సోడియం సల్ఫైడు కలిపిన నీళ్ళలో నానబెడితే బొచ్చు వూడుతుంది. కుళ్ళు వాసన ఇక్కడిదే. ఆపైన ఆమ్లం, మళ్ళీ ఉప్పు. ఈ దశని ఆ వృత్తిలో 'పికిల్' అనే అంటారట, నేను చమత్కారానికి అనడంలేదు. అటుపైన క్రోమియం లవణం. అది పట్టగానే తోలు లేత నీలంరంగుకి తిరుగుతుంది, ఇక కుళ్ళదు. అయితే వేసిన క్రోమియం అంతా తోలు పట్టుకోదు. మామూలు పద్ధతిలో మూడోవంతు దాకా నీళ్ళతోపాటు బయటికి పోతుంది. కిలో తోలు తయారీకి దగ్గర దగ్గర 35 లీటర్ల నీళ్ళు పడతాయని సుప్రీంకోర్టు తీర్పులోనే వుంది. మన లెక్కలో రెండు బిందెల పైచిలుకు. ఆ రెండు బిందెలూ మళ్ళీ దేనికీ పనికిరాని నీళ్ళయి బయటికొస్తాయి.

క్రోమియంలో రెండు రూపాలున్నాయి. తోలుకి వాడే రూపం అంత ప్రమాదకరమైంది కాదు. కానీ కొన్ని పరిస్థితుల్లో అది మరో రూపానికి మారగలదు, ఆ రెండోది కేన్సరు తెచ్చేది. రాణిపేటలో ఎప్పుడో మూతబడిన ఒక క్రోమియం రసాయనాల కర్మాగారం వెనక లక్ష టన్నులకు పైగా వ్యర్థం గుట్టలుగా పడి వుండిపోయింది. వాన పడ్డప్పుడల్లా ఆ పక్క నేలలోకి పసుపుపచ్చటి నీరు దిగుతూ వచ్చింది.

మరి మన తాతల కాలంలో తోలు లేదా అంటారేమో. ఎందుకు లేదూ! కిర్రుచెప్పులు, నీళ్ళు తోడే మోటలు, డప్పులు అన్నీ తోలువే. ఊరవతల లందలో తంగేడు బెరడు, కరక్కాయ వేసి వారాల తరబడి నానబెట్టేవారు. బతుకమ్మలో పేర్చే తంగేడు, ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం, అదే. పూవు పండక్కి, బెరడు తోలుకి. ఎక్కువగా చనిపోయిన పశువు తోలే వాడేవారు కనక తోలు కోసం ఒక ప్రాణం తీసే పని పెద్దగా వుండేది కాదు. వాసన అప్పుడూ వుండేది, అందుకే ఊరవతల. ఆ పని చేసిన మనుషుల్ని కూడా ఊరవతలే వుంచాం, వాళ్ళు కుట్టిన చెప్పులు మాత్రం వేసుకుని తిరిగాం. తోలు ఖరీదులో ఎవరూ రాయని పద్దు ఇదొకటి.

క్రోమియం పద్ధతి 19వ శతాబ్దంలో వచ్చింది. వారాల పని రోజులోకి దిగింది. తోలు మెత్తగా, పల్చగా, ఏ రంగు కావాలంటే ఆ రంగులో వస్తుంది. ప్రపంచంలో తయారయ్యే తోలులో చాలా భాగం ఇప్పుడు ఈ రకమే.

కోర్టు మెట్లెక్కిన ఏరు

వేలూరు ప్రాంతపు పౌరులే కొందరు సంఘంగా ఏర్పడి సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 1996 ఆగస్టు 28న జస్టిస్ కుల్‌దీప్ సింగ్ నాయకత్వంలోని ధర్మాసనం తీర్పు చెప్పింది. టానరీల ప్రాంతంలో దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో, పూర్తిగానో పాడైందని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశీలనలో తేలిందిట. దిండిగల్లు వైపు 13 గ్రామాల్లో 467 బావులు చూస్తే 350 బావుల నీళ్ళు చెడిపోయి వున్నాయి. ఆడవాళ్ళూ పిల్లలూ మంచినీళ్ళకి మైళ్ళు నడవాల్సి వస్తోందన్న మాట కూడా ఆ తీర్పులో రాసి వుంది. రైల్లో ఆవిడ నోటివెంట విన్నదే నాకు కోర్టు కాగితంలో మళ్ళీ కనపడింది.

పాడు చేసినవాడే నష్టం కట్టాలి, బాగు చేసే ఖర్చూ వాడే భరించాలి అన్న సూత్రాన్ని మన దేశ చట్టంలో భాగంగా ఆ తీర్పు గట్టిగా నిలబెట్టింది. ఒక్కో టానరీకి పదివేల రూపాయల జరిమానా వేసింది. తరవాత మురుగు శుద్ధి కేంద్రాలు వచ్చాయి, వేలాదిమందికి పరిహారం నిర్ణయించారు. అంతా సర్దుకుందనుకుంటే పొరపాటే. 2015 జనవరి 31 తెల్లవారకముందే రాణిపేటలో అలాంటి శుద్ధి కేంద్రంలోని బురద తొట్టి గోడ కూలింది. పక్క టానరీలో నిద్రపోతున్న కూలీలమీద ఆ రసాయనపు బురద విరుచుకుపడి పదిమంది పోయారు. ఎక్కువమంది పొట్టకూటికి పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళు. మళ్ళీ 2025 జనవరి 30న సుప్రీంకోర్టు, పాలారు కాలుష్యం ఇంకా ఆగలేదంటూ, బాధితులకి పరిహారం ఇచ్చి కాలుష్యం చేసినవాళ్ళ దగ్గర వసూలు చెయ్యమని చెప్పాల్సి వచ్చింది. మొదటి తీర్పు నాడు పుట్టిన ఆడపిల్లకి ఇప్పుడు పెళ్ళయి పిల్లలు కూడా వుంటారు!

పాలారుదే కాదు ఈ కథ. కాన్పూరులో జాజ్‌మవు టానరీల వల్ల గంగకి జరుగుతున్న నష్టం మీద 1987లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

మరి మూగజీవాల మాట?

ఇక్కడ నిజాయితీగా ఒకటి ఒప్పుకోవాలి. మన ఇంట్లో ఆదివారం మాంసం కూర వండుకుంటే ఆ మేక తోలు ఎక్కడికో ఒక చోటికి పోవాలిగా? 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో దేశం మొత్తం మీద తెలంగాణ మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండోది. మన మార్కెట్ల నుంచి పచ్చితోళ్ళు లారీల్లో తమిళనాడుకి పోతూనే వుంటాయి. కనక "మాంసానికి చంపారు, తోలు దండగ కాకుండా వాడుకుంటున్నాం" అన్న వాదన కొట్టిపారెయ్యలేం. అలాగని తోలుకి వచ్చే డబ్బు ఆ వ్యాపారం లాభంలో భాగం కాదనీ అనలేం. జంతుహింస నివారణకి 1960 నుంచి చట్టం వుంది, పశువుల రవాణాకి 1978 నుంచి నిబంధనలున్నాయి. అయినా హైవే మీద కాళ్ళు మడిచి కుక్కిన మేకల లారీ పక్కనుంచి పోతుంటే మనం తల తిప్పుకోవడం మానలేదు.

కేవలం చర్మం కోసమే, బొచ్చు కోసమే చంపేవి వేరు. వాటి విషయంలో నాకు రెండో ఆలోచన లేదు. 'కరాకుల్' గొర్రెపిల్ల వొంటిమీది రింగుల బొచ్చు పుట్టిన కొద్దిరోజులకే విచ్చిపోతుంది. అందుకని ఆ లోపలే, కొన్నిచోట్ల తల్లి కడుపులో వుండగానే చంపి తీస్తారు. ఉంగరంలోంచి దూరే శాలువా అని చెప్పుకునే 'షాతూష్' వుందే, దానికి టిబెట్ పీఠభూమిలోని చిరు అనే జింకలు మూడు నుంచి అయిదు చావాలి. గొర్రెకి కత్తిరించినట్టు వాటికి కత్తిరించడం కుదరదు. మింక్ అనే చిన్న జంతువుని బొచ్చు కోసం పంజరాల్లో పెంచుతారు. 2020 నవంబరులో కరోనా సోకిందని డెన్మార్కులో కోటిన్నరకు పైగా మింక్‌లని చంపి పూడ్చే పని పెట్టుకున్నారు. మన దేశం 2017లో మింక్, నక్క బొచ్చుల దిగుమతినీ, పాము, మొసలి జాతుల చర్మాల దిగుమతినీ ఆపేసింది.

పాముచర్మం పర్సులు ఒకప్పుడు ఎంత ఫ్యాషనో మీ అమ్మగారినడగండి! మద్రాసు చుట్టుపక్కల ఇరుళులు పాములు పట్టి చర్మాలు అమ్ముకుని బతికేవారు. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం, 1976లో పాముచర్మాల ఎగుమతి మీద నిషేధం వచ్చేసరికి వాళ్ళ పొయ్యిలో పిల్లి లేవలేదు. 1978లో వాళ్ళ సహకార సంఘం మొదలైంది. పాముని చంపకుండా పట్టడం, విషం తియ్యడం, మళ్ళీ అడవిలో వదిలెయ్యడం. పాము కాటుకి మనకి ఆసుపత్రిలో ఇచ్చే మందుకి కావలసిన విషం ఎక్కువగా వీళ్ళిచ్చేదే. జంతువు బతికింది, మనిషీ బతికాడు. అలా కలిసొచ్చిన సందర్భాలు ఎక్కువ లేవు కాబట్టి ఇది చెప్పకుండా వుండలేకపోయాను.

అన్నట్టు, మీ పూజగదిలో తాతగారి నాటి జింకచర్మమో, పులిచర్మమో వుంటే అది అమ్మడం, కొనడం నేరం సుమా!

మా తెనాలి నాయుడమ్మగారు

తోలు అనగానే మా తెనాలివాళ్ళకి గుర్తొచ్చే పెద్దమనిషి డాక్టర్ యలవర్తి నాయుడమ్మ. తెనాలి దగ్గర యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టి, అందరూ ముక్కు మూసుకునే తోలు శాస్త్రాన్ని ఏరికోరి చదివారు. మద్రాసు అడయారులో 1948లో మొదలైన కేంద్రీయ తోళ్ళ పరిశోధన సంస్థకి డైరెక్టరై దాన్ని ప్రపంచంలో పేరున్న సంస్థగా నిలబెట్టారు. 1985 జూన్ 23న కనిష్క విమానం పేలుడులో పోయారు. పల్లెల్లో తోలు పని చేసేవాళ్ళకి శాస్త్రం అందాలని ఆయన పడిన తపన గురించి మా మామగారు కథలు కథలుగా చెప్పేవారు. క్రోమియం, నీళ్ళు తక్కువ వాడే పద్ధతుల్ని ఆ సంస్థ తరవాతి కాలంలో తయారుచేసింది. తెలివితేటలకి లోటు లేదన్నమాట. ఖర్చు పెట్టి వాటిని వాడాలంటే మాత్రం కొనేవాళ్ళు చవక చవక అంటూ బేరాలాడకూడదు. అంటే మనమే!

తోలు మానేసి రెక్సిన్ కొంటే సరా? బజారులో 'వీగన్ లెదర్' అని ముద్దుగా పిలిచేదాంట్లో చాలా భాగం ప్లాస్టిక్కే. రెండేళ్ళకి పొట్టు లేస్తుంది, చెత్తకుప్పలో మాత్రం మన మనవలకన్నా ఎక్కువకాలం వుంటుంది. ప్రాణం తియ్యదు, అది నిజమే. కానీ ఏటా ఒక సంచి మార్చేవాళ్ళు దాన్ని చూసి మురిసిపోవడంలో అర్థం లేదని నా అభిప్రాయం.

మా కోటు కథ

బెంగుళూరులో దుకాణానికి వెళ్ళాం. కోటు బాగుంది, అబద్ధమెందుకు. అమ్మాయి తొడుక్కుని అద్దంలో చూసుకుంది. జేబులో చెయ్యి పెట్టి, తీసి, "అమ్మా, ఆ వాసన రావడంలేదు కదూ?" అంది. రాలేదు. మంచి సెంటు కొట్టినట్టుంది. విప్పి కొక్కేనికి తగిలించేసింది. అక్కడి చలికి పల్చటి తోలు అసలు ఆగదని మా మరదలు చెప్పింది, పక్క దుకాణంలో మందపాటి ఉన్నికోటు తీసుకున్నాం. సగం డబ్బులు మిగిలాయి. మావారికి మాత్రం అన్ని వివరాలూ చెప్పలేదు.

ఇంట్లో వున్న తోలు వస్తువుల్ని పారేసి పుణ్యం కట్టుకోవాలని నేననను. అయిపోయిన ఖర్చు అయిపోయింది, వాటిని పదికాలాలు వాడడమే మేలు. నా పాత తోలు సంచి బీరువాలో వానాకాలం బూజుపట్టి వుంది. మీకూ అలాంటిది వుంటే తడిగుడ్డ పెట్టకండి. పొడిగుడ్డతో బూజు దులిపి, నీడలో రెండ్రోజులు ఆరనివ్వండి. ఎండలో పెడితే పగుళ్ళిస్తుంది. తరవాత రెండు చుక్కల ఆముదం గుడ్డకి రాసి పల్చగా తుడవండి, మన పాతకాలం చెప్పులకి చేసినట్టే. కొబ్బరినూనె వద్దు, బూజు మళ్ళీ వస్తుంది. లోపల పాత న్యూస్‌పేపర్లు కుక్కి, నాలుగు ఎండు వేపాకులు వేసి, గుడ్డసంచిలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమర్చి పాడవుతుంది.

కొత్తది కొనక తప్పదంటే కోసిన అంచు చూడండి. మొక్కల బెరడుతో చేసిన తోలు అంచు లోపలిదాకా గోధుమరంగులో వుంటుంది. క్రోమియందైతే పై రంగు లోపలిదాకా దిగనిచోట నీలి బూడిదరంగు కనపడుతుంది. రంగు వెయ్యని బెరడు తోలు మీద నీటిచుక్క వేస్తే ముదురు మచ్చ పడుతుంది. బెరడు రకం కాస్త గట్టిగా వుంటుంది, ధరా ఎక్కువే.

నా సంచి జిప్పు పోయిందని మా రైల్వేస్టేషన్ బయట చెట్టుకింద కూర్చునే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. అటూ ఇటూ తిప్పి, అంచు వాసన చూసి, "ఇది తంగేడు సరుకమ్మా, ఇట్టాంటిది ఇప్పుడు ఎక్కడొస్తంది" అన్నాడు. కొత్త జిప్పు వేసి, పట్టీ మళ్ళీ కుట్టి, నూట ఇరవై అడిగాడు. బేరమాడలేదు.

ఇంటికొచ్చి పక్కన పెట్టానో లేదో అమ్మాయి తీసుకుని భుజానికి వేసుకుంది. పాస్‌పోర్టు, టిక్కెట్టు, నాయనమ్మ ఇచ్చిన విభూతి పొట్లం అందులో సరిగ్గా సరిపోయాయి.